ఉత్తరాలకూ ఒక వేళ



పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: పిల్లలు ఇంటి దగ్గర రోజుకు ఎన్ని గంటలు చదవాలి? ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు చార్లెస్ డార్విన్ గుర్తొస్తారు. జీవపరిణామం పాఠంలో మన పిల్లలు చదివే ఈ శాస్త్రవేత్త రోజుకు నిలకడగా కూర్చుని పనిచేసింది సుమారు 4 గంటలే.

డార్విన్ 1809లో ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. తండ్రి పేరున్న డాక్టర్. కొడుకునూ డాక్టర్ చేయాలని 1825లో ఎడిన్‌బరో పంపారు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఆపరేషన్లు చూడలేక డార్విన్ రెండేళ్లకే ఆ చదువు మానేశారు. వేట, కుక్కలు తప్ప వీడికి ఏదీ పట్టదని తండ్రి బెంగపడ్డారు. తర్వాత కేంబ్రిడ్జ్‌లో చదువుతున్నప్పుడూ పాఠాలకన్నా పురుగులు ఏరడం మీదే మనసు. 1831 డిసెంబరులో బీగిల్ అనే ఓడ ఎక్కి, దాదాపు ఐదేళ్లు ప్రపంచం చుట్టి వచ్చారు.

తిరిగి వచ్చాక లండన్‌లో పేరొచ్చింది. దాంతోపాటు సభలు, విందులు, వచ్చేపోయేవాళ్లు కూడా పెరిగారు. ఆరోగ్యం దెబ్బతింది. 1842లో భార్య ఎమ్మా, పిల్లలతో కలిసి లండన్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని డౌన్ అనే పల్లెకు మారిపోయారు. మిగిలిన 40 ఏళ్లూ అక్కడే గడిపారు.

పల్లెకు వెళ్లినా ఒకటి మాత్రం వెంటే వచ్చింది. అదే పోస్టు. 1840లో బ్రిటన్‌లో పెన్నీ పోస్టేజీ మొదలై, ఉత్తరం రాయడం చౌక అయింది. డార్విన్ రాసినవీ ఆయనకు వచ్చినవీ కలిపి దాదాపు 15 వేల ఉత్తరాలు నేటికీ దొరుకుతున్నాయి. వాటిని వద్దనుకోవడానికి లేదు. పావురాలు పెంచేవాళ్లు, తోటమాలులు, దూరదేశాల శాస్త్రవేత్తలు పంపే సమాచారం ఆ ఉత్తరాల్లోనే వచ్చేది. అందుకే ఆయన ఉత్తరాలు మానలేదు, వాటికి ఒక వేళ పెట్టారు.

ఉదయం 8 గంటలకు పనిలో కూర్చునేవారు. ఆ గంటన్నర ఆయనకు అన్నిటికన్నా విలువైనది. తొమ్మిదిన్నరకు హాల్లోకి వచ్చి ఉత్తరాలు చూసేవారు, కాసేపు ఇంట్లోవాళ్లు నవల చదువుతుంటే వినేవారు. పదిన్నర నుంచి 12 దాకా మళ్లీ పని. తర్వాత ఇంటి వెనక ఇసుక బాటలో నడక. ఎన్ని చుట్లయ్యాయో మనసులో లెక్క పెట్టుకునే పని లేకుండా బాట పక్కన రాళ్లు పేర్చి, చుట్టుకొకటి తన్నేవారు. ఉత్తరాలకు జవాబులు మధ్యాహ్న భోజనం తర్వాతే. సాయంత్రం మరో గంట పని. రాత్రి ఎమ్మాతో బ్యాక్‌గామన్ ఆట.

ఆ ఇల్లు నిశ్శబ్దంగా ఉండేదనుకోకండి. పదిమంది పిల్లలు పుట్టి, ఏడుగురు పెద్దవాళ్లయిన ఇల్లది. కత్తెర కోసం, దారం కోసం పిల్లలు ఆయన గదిలోకి వస్తూనే ఉండేవారు. పనివేళలో ఆడుకోవడానికి వస్తే ఆరు పెన్నీలు ఇస్తానని నాలుగేళ్ల కొడుకు ఒకసారి బేరం కూడా పెట్టాడు.

1858 జూన్‌లో ఆల్‌ఫ్రెడ్ వాలెస్ దగ్గర నుంచి ఒక ఉత్తరం వచ్చింది. తాను 20 ఏళ్లుగా కూడబెడుతున్న ఆలోచనే అందులో ఉంది. అదే నెలాఖరున ఏడాదిన్నర వయసున్న చిన్న కొడుకు స్కార్లెట్ జ్వరంతో చనిపోయాడు. జూలై 1న లండన్‌లో ఇద్దరి రచనలూ కలిపి చదివినప్పుడు డార్విన్ అక్కడ లేరు. ఆ దుఃఖంలోనే, ఆ అనారోగ్యంలోనే మళ్లీ పని పట్టి, 1859 నవంబరులో జాతుల పుట్టుక గురించిన తన పుస్తకాన్ని బయటికి తెచ్చారు. 1882లో కన్నుమూసేదాకా పని ఆపలేదు.

డార్విన్‌కు ఆస్తి ఉంది, పనివాళ్లున్నారు, ఇల్లు నడిపే ఎమ్మా ఉన్నారు. రెండు గదుల ఫ్లాట్లో ఉండే మనకు అవన్నీ కుదరవు. హోంవర్క్ మెసేజ్‌లు వాట్సాప్‌లో పంపేది మేమే కాబట్టి, ఫోన్ పూర్తిగా మాన్పించమని చెప్పే హక్కు మాకూ లేదు. అయితే ఆయన పెట్టుకున్న వరస మాత్రం ఏ ఇంట్లోనైనా కుదురుతుంది. హోంవర్క్ డైరీలో రాసుకున్నాక ఫోన్ వేరే గదిలో పెట్టించండి. ముందు చదువు, తర్వాత ఫోన్. పెద్ద పిల్లలకు గంటన్నర, చిన్నవాళ్లకు అరగంట చాలు. ఆ కాసేపు మన ఫోన్లూ అదే గదిలో ఉండాలి. డార్విన్ ఆ వేళలు పెట్టింది పిల్లలకు కాదు, తనకు.