నేలమీద ఎగిరిన విమానం: ఎడ్విన్ లింక్ జీవితం

కారుమబ్బును చూచి వీరపునాయునిపల్లె రైతు పొంగిపోతాడు. అదే మబ్బు విమానచోదకునికి దిక్కు తెలియని చీకటి. 2009 సెప్టెంబరు 2న ప్రతికూల వాతావరణంలో నల్లమలపై హెలికాప్టరు కూలి, పులివెందులకు చెందిన నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై. ఎస్. రాజశేఖరరెడ్డి గారితో సహా ఐదుగురు మరణించిన దుర్వార్తను మన జిల్లా మరువలేదు. చూపు చెల్లని చోట దేహం కల్పించే భ్రమను నమ్మక, ఎదుటి పరికరాలనే నమ్మి ఎగరడం కఠినమైన విద్య. దానిని నేలమీదనే అభ్యసించవచ్చునని నిరూపించిన ఎడ్విన్ ఆల్బర్ట్ లింక్ చరిత్రను విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

లింక్ 1904 జూలై 26న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో జన్మించారు. న్యూయార్క్ రాష్ట్రపు బింగ్‌హామ్‌టన్‌లో ఆయన తండ్రికి పియానోల, ఆర్గన్ల కర్మాగారం ఉండేది. 1920లో తొలి విమానపాఠం నేర్చిన లింక్, ఆ విద్యకయ్యే వ్యయాన్ని గ్రహించారు. ఆర్గన్‌కు ఊపిరిపోసే గాలితిత్తులనే అమర్చి, ఒరుగుతూ తిరిగే చిన్న విమానపు పెట్టెను 1929 నాటికి నిర్మించారు. కాని తొలుత దానిని కొన్నది వైమానికులు కాదు, వినోదశాలలవారు!

1934లో అమెరికా సైన్యం విమానాలలో తపాలా మోయ బూనుకున్నది. శీతకాలపు దుర్దినాలలో కొద్ది వారాలకే పలువురు చోదకులు అసువులు బాశారు. అధికారులతో సమావేశానికి లింక్ పొగమంచులోనే విమానం నడుపుకొని న్యూవార్క్ చేరారు. ఆ పొగమంచులో ఆయన దిగుటయే ఆయన విద్యకు సాక్ష్యమైనది. సైన్యం ఆరు పెట్టెలు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో సుమారు 10,000 పెట్టెలపై దాదాపు 5 లక్షలమంది శిక్షణ పొందారు.

పరికరాల సాయంతో ఎగిరే అర్హతను, అనగా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగును, చోదకుడు నియమిత కాలంలో పునరుద్ధరించుకోవాలి. అందుకు సిమ్యులేటరు మేలా, చిన్న విమానం మేలా అన్నది నేటికీ చర్చయే. సిమ్యులేటరులో ఇంజను ఆగినా ప్రాణం పోదు. ఒకే అవరోహణను పదిసార్లు అభ్యసించవచ్చు. ఇంధనం ఖర్చు కాదు. కాని నిజమైన గాలికుదుపు, గుండెదడ, తిరిగివచ్చే వీలులేని క్షణం విమానంలోనే ఎదురవుతాయి. లింక్ జీవితం ఈ రెండింటినీ సమన్వయిస్తున్నదని మా అభిప్రాయం. తప్పులను పెట్టెలో దిద్దుకోవాలి; దిద్దుకున్నదానిని ఆకాశంలో పరీక్షించుకోవాలి. అభ్యాసం మొద్దుబారినవారు మొదట సిమ్యులేటరునే ఆశ్రయించుట ఉత్తమం. పెట్టెకే అలవాటుపడినవారు విమానమెక్కక తప్పదు.

పిమ్మట లింక్ సముద్రగర్భ పరిశోధన చేపట్టారు. 1973 జూన్‌లో ఫ్లోరిడా తీరాన, ఆయన రూపొందించిన జలాంతర నౌక మునిగిన ఓడ శిథిలాలలో చిక్కుకొనగా ఆయన కుమారుడు, మరొకరు మరణించారు. లక్షలమందికి ప్రాణభయం లేకుండా తప్పుచేసే అవకాశమిచ్చిన తండ్రికి, కన్నబిడ్డ విషయంలో ఆ అవకాశం దక్కలేదు. అయినా ఆయన కుంగిపోక, అట్లు చిక్కినవారిని రక్షించే సాధనం కోసం కృషిచేశారు. 1981 సెప్టెంబరు 7న కన్నుమూశారు.

విద్యార్థులారా, తరగతి గది కూడ అట్టి పెట్టెయే. ఇక్కడి తప్పు ప్రాణం తీయదు. కనుక ఇక్కడనే దిద్దుకొని, బయటి ఆకాశానికి సిద్ధపడుదురుగాక!