మట్టి పావురాల వెంట ఇరవై ఏళ్లు
(డాక్టర్ కర్ణీ సింగ్ జీవిత విశేషాలు)

హాస్టల్ పెరట్లో చింతకాయల మీదికి రాయి విసరని వాడు మనలో ఎవరూ ఉండరు. పది రాళ్లు విసిరితే రెండు తగిలేవి. కాయ చెట్టుకు కదలకుండా వేలాడుతున్నా మన గురి అంతే. అదే కాయ గంటకు వంద కిలోమీటర్ల వేగంతో ఎటు పోతుందో తెలియకుండా ఎగిరిపోతుంటే కొట్టగలమా? అలాంటి లక్ష్యాన్ని ఒకటి కాదు, వరుసగా ఎన్నో కొట్టాల్సిన ఆట ఒకటి ఉంది. దాని పేరు క్లే పిజియన్ షూటింగ్. ఆ ఆటలో మన దేశం పేరును మొట్టమొదట ప్రపంచ పటం మీద నిలబెట్టిన వ్యక్తి డాక్టర్ కర్ణీ సింగ్.

ఆయన రాజస్థాన్‌లోని బికనీర్ మహారాజు. రాజుగారి కథ హాస్టల్ పిల్లలకెందుకని కొందరు తమ్ముళ్లు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. చివరిదాకా చదివి మీరే తేల్చుకోండి.

బాల్యం, చదువు

కర్ణీ సింగ్ 1924 ఏప్రిల్ 21న బికనీర్‌లో పుట్టారు. తాత మహారాజా గంగా సింగ్, తండ్రి మహారాజా సాదుల్ సింగ్. ఎడారిలో ఉన్న తన రాజ్యానికి 1927లో పంజాబు నుంచి కాలువ తవ్వించి నీళ్లు తెచ్చినవారు గంగా సింగ్. కర్ణీ సింగ్ ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలోనూ, బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలోనూ చదువుకుని చరిత్ర, రాజనీతి శాస్త్రాలలో ఆనర్స్ పట్టా పొందారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో తాతతో కలిసి పశ్చిమాసియాలో కొంతకాలం పనిచేశారు.

1949లో బికనీర్ సంస్థానం రాజస్థాన్‌లో కలిసిపోయింది. 1950లో తండ్రి మరణించాక ఆయనకు మహారాజా అనే బిరుదు దక్కింది గాని ఏలడానికి రాజ్యం లేదు. 1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి బికనీర్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఏ పార్టీలోనూ చేరకుండా 1977 వరకు, అంటే వరుసగా ఇరవై ఐదేళ్లు పార్లమెంటు సభ్యుడిగా ఉన్నారు.

ఆట ఎలా ఉంటుందంటే

పూర్వం ఈ పోటీల్లో నిజమైన పావురాలనే ఎగరేసి కాల్చేవారు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో కూడా అలాగే జరిగింది. తర్వాత ఆ పద్ధతి పోయి పావురం స్థానంలో బిళ్ల వచ్చింది. పేరు మాత్రం మట్టి పావురంగానే మిగిలిపోయింది. ఈ బిళ్ల అడ్డంగా 11 సెంటీమీటర్లు, బరువు సుమారు 105 గ్రాములు ఉంటుంది. దూరం నుంచి చూస్తే మన టీ సాసరు కంటే చిన్నదిగా కనిపిస్తుంది.

ఒలింపిక్ ట్రాప్ పోటీలో షూటర్‌కు 15 మీటర్ల ముందు ఒక కందకం ఉంటుంది. అందులో 15 యంత్రాలు దాగి ఉంటాయి. షూటర్ తుపాకి భుజానికి ఆనించి కేక వేయగానే ఏదో ఒక యంత్రం నుంచి బిళ్ల దూసుకొస్తుంది. అది ఎడమకు పోతుందో, కుడికి పోతుందో, పైకి లేస్తుందో ముందు తెలియదు. ఆలోచించడానికి ఒక సెకను కూడా ఉండదు. బిళ్ల ఉన్న చోటికి కాల్చితే అది అప్పటికే దాటిపోతుంది కాబట్టి ముందుకు గురి పెట్టాలి. ఒక్కో రౌండులో 25 బిళ్లలు ఉంటాయి. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన బ్రిటన్ షూటర్ బ్రెయిత్‌వెయిట్ 200 బిళ్లలకు 198 కొట్టాడు. అంటే రెండే తప్పులు చేసినవాడు విజేత.

రోమ్ నుంచి కైరో దాకా

1960లో రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి కర్ణీ సింగ్ వయసు 36 ఏళ్లు. ట్రాప్ పోటీలో 8వ స్థానంలో నిలిచారు. 1961లో కేంద్ర ప్రభుత్వం అర్జున అవార్డులు ప్రారంభించినప్పుడు ఆ మొదటి జట్టులోనే ఆయన పేరు ఉంది.

1962లో ఈజిప్టు రాజధాని కైరోలో 38వ ప్రపంచ షూటింగ్ చాంపియన్‌షిప్ జరిగింది. అన్ని రౌండ్లూ ముగిసేసరికి కర్ణీ సింగ్, సోవియట్ షూటర్ సమానంగా నిలిచారు. మొదటి స్థానం ఎవరిదో తేల్చడానికి మళ్లీ కాల్చాలి. రోజుల తరబడి కాల్చిన భుజాలతో మళ్లీ మొదలు. ఆ షూట్-ఆఫ్‌లో స్వర్ణం సోవియట్ షూటర్‌కు వెళ్లింది, రజతం మన కర్ణీ సింగ్‌కు దక్కింది. ప్రపంచ షూటింగ్ చాంపియన్‌షిప్‌లో భారతదేశానికి వచ్చిన మొదటి పతకం అదే. 

ఆ తర్వాత

ఒక్క మార్కులో ర్యాంకు పోయినవాడికి ఆ బాధ తెలుస్తుంది. కైరో తర్వాత కర్ణీ సింగ్ తుపాకి పక్కన పెట్టలేదు. 1964లో టోక్యో ఒలింపిక్స్‌కు వెళితే 26వ స్థానమే వచ్చింది. అదే ఏడాది తన 40వ ఏట బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి చరిత్రలో పిహెచ్.డి. సాధించారు. కేంద్రంలోని పాలకులతో బికనీర్ వంశానికి ఉన్న సంబంధాల మీద ఆయన పరిశోధన చేశారు. ఒకవైపు పార్లమెంటు, ఒకవైపు షూటింగ్, ఇంకోవైపు పరిశోధన! వయసు దాటిపోయిందని డిగ్రీ మధ్యలో ఆపేసిన మన సీనియర్లు ఈ సంగతి గమనించాలి.

1968 మెక్సికో ఒలింపిక్స్‌లో 10వ స్థానానికి ఎగబాకారు. 1971లో సియోల్‌లో ఆసియా చాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచారు. అదే సంవత్సరం రాజ్యాంగ సవరణతో రాజుల బిరుదులు, భరణాలు రద్దయ్యాయి. మహారాజా అన్న మాట చట్టంలో లేకుండా పోయినా షూటర్ అన్న మాట మిగిలింది. 1972లో మ్యూనిక్, 1974లో టెహ్రాన్ ఆసియా క్రీడల్లో రజతం, 1980లో 56 ఏళ్ల వయసులో మాస్కో. మధ్యలో 1976 ఒక్కటే తప్పింది. ఐదు ఒలింపిక్స్‌లో పాల్గొన్న మొదటి భారతీయుడు ఆయనే. వాటిలో ఒక్క పతకమూ రాలేదు. ఆ అనుభవాలనే రోమ్ నుంచి మాస్కో దాకా సాగిన ప్రయాణంగా పుస్తకం రాశారు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టుతో కలిసి రజతం అందుకున్నప్పుడు ఆయనకు 58 ఏళ్లు. 1988 సెప్టెంబరులో కన్నుమూశారు. ఆయన కుమార్తె రాజ్యశ్రీ కుమారి కూడా షూటరే. 1968లో చిన్న వయసులోనే అర్జున అవార్డు అందుకున్నారు.

మనకేమిటి?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఉన్నమాట ఒప్పుకోవాలి. తుపాకి, తూటాలు, విదేశీ ప్రయాణం రాజకుటుంబంలో పుట్టినవాడికి అందినంత సులువుగా కూలివాని బిడ్డకు అందవు. ఈ ఆట చాలాకాలం సంస్థానాల వారి ఆటగానే ఉండిపోయింది. ప్రతిభ వాళ్లకే ఉండి కాదు, అవకాశం వాళ్లకే ఉండి.

అయితే 1982 ఆసియా క్రీడల కోసం ఢిల్లీ తుగ్లకాబాద్‌లో ప్రభుత్వం ఒక షూటింగ్ రేంజి కట్టించింది. ఆ రేంజికే తర్వాత డాక్టర్ కర్ణీ సింగ్ పేరు పెట్టారు. కోటల్లో ఉన్న ఆటకు ఒక ప్రజల మైదానం దొరికింది. 2004 ఏథెన్స్‌లో డబుల్ ట్రాప్‌లో రజతం గెలిచిన రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ అప్పట్లో సైన్యంలో ఉద్యోగి. ఒలింపిక్స్‌లో కర్ణీ సింగ్‌కు అందని పతకం రోమ్ తర్వాత 44 ఏళ్లకు మట్టి బిళ్లల ఆటలోనే మన దేశానికి వచ్చింది. మన హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ట్రాప్ జట్టుతో స్వర్ణం, వ్యక్తిగతంగా కాంస్యం గెలిచాడు.

మన హాస్టల్ కూడా అలాంటి రేంజే. ఇల్లు ఇవ్వలేని లైటు, బల్ల, పుస్తకం, రెండు పూటల అన్నం ప్రజల డబ్బుతో మనకు ఇక్కడ దొరికాయి. అది ఎవరో వేసిన భిక్ష కాదు, మన హక్కు. ఇక్కడిదాకా వచ్చాక కందకంలోని యంత్రానికి రాజూ తెలియదు, పేదా తెలియదు. బిళ్ల అందరికీ ఒకే వేగంతో వస్తుంది. పగిలితే ఒకటి, పగలకపోతే సున్నా. అందుకే బికనీర్ మహారాజుకు కూడా 26వ స్థానం వచ్చింది. వచ్చాక మళ్లీ వెళ్లాడు. నేర్చుకోవలసింది ఆ మళ్లీ వెళ్లడమే.

ఈసారి పరీక్ష తప్పిన తమ్ముడు, ర్యాంకు రాని చెల్లెలు ట్రంకు పెట్టె సర్దుకుని ఊరికి పోయే ముందు ఒక్కసారి కైరోను తలచుకోవాలి. రెండు వందల బిళ్లల్లో ఇప్పుడు పోయింది ఒక్కటే. తర్వాతి బిళ్ల ఇంకా కందకంలోనే ఉంది.