మేరీ పాత్రలో మన సావిత్రి

క్రిస్మస్, సంక్రాంతి సెలవులకు మనుమలు, మనుమరాండ్రు మన చోడవరం ఇళ్ళకు చేరే రోజులివి. అభిమానులకు ఈ డిసెంబరు మాసం మహానటి సావిత్రి గారిని కూడా గుర్తుచేస్తుంది. ఆమె జన్మదినం ఈ నెల 6. ఆమె కన్నుమూసినది 1981లో, క్రిస్మస్ మరునాడు.

గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రి పసితనంలోనే తండ్రిని పోగొట్టుకుని, విజయవాడలో పెదనాన్న గారింట పెరిగారు. నృత్యం నేర్చి, నాటకాలాడి మద్రాసు చేరారు. 1951 నాటి 'పాతాళభైరవి'లో ఆమెకు దక్కినది ఒక్క నాట్యమే. రెండేళ్ళకే 'దేవదాసు'లో పార్వతిగా ప్రేక్షకుల కంట తడి పెట్టించారు.

1955 జనవరిలో విడుదలైన 'మిస్సమ్మ' ఆమె జీవితాన్ని మలుపు తిప్పింది. మేరీ పాత్రకు ముందుగా అనుకున్నది భానుమతి గారిని. నిర్మాత చక్రపాణి గారితో పొసగక ఆమె తప్పుకోవడంతో ఆ పాత్ర సావిత్రికి వచ్చింది. ఉద్యోగం కోసం ఒక క్రైస్తవ యువతి, ఒక హిందూ యువకుడు భార్యాభర్తలుగా నటిస్తూ బడిపంతుళ్ళుగా చేరిన కథ అది. నిరుద్యోగాన్ని, మత భేదాలను నవ్విస్తూనే చెప్పారు ఎల్.వి. ప్రసాద్ గారు. సంగీతం మన ఉత్తరాంధ్రవాసి, సాలూరి రాజేశ్వరరావు గారిది. మేరీ చిరాకులోని ముద్దుదనం, మేరీమాత ప్రార్థనలోని ఆర్తి నలుపు తెలుపుల్లో చూసి తీరవలసినవి.

1957లో 'మాయాబజార్' శశిరేఖగా, ఆ శశిరేఖ రూపంలోని ఘటోత్కచుడిగా ఆమె చూపిన హావభావాలు తెలియనివారెవరు? 1968లో 'చిన్నారి పాపలు' చిత్రంతో దర్శకురాలు కూడా అయ్యారు.

అడిగినవారికి లేదనని చేయి ఆమెది. అయితే సొంత చిత్రాల నష్టాలు, సంసారంలో కలతలు, మద్యపానం ఆమెను క్రుంగదీశాయి. చివరకు ఏడాదిన్నరకు పైగా స్పృహలేని స్థితిలో ఉండి, ఐదు పదులైనా నిండకుండానే వెళ్ళిపోయారు. నెల తిరిగేసరికి వచ్చే పింఛను విలువ ఎరిగిన మనకు ఆమె జీవితం రెండు విషయాలు చెబుతుంది. దానగుణం గొప్పదే, రేపటి కోసం జాగ్రత్త కూడా అవసరమే.

2018లో వచ్చిన 'మహానటి' చూసి మన మనుమలు ఆమె పేరు తెలుసుకున్నారు. అసలు సావిత్రిని వారికి చూపవలసిన బాధ్యత మాత్రం మనదే. ఈ సెలవుల్లో ఒక సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని 'మిస్సమ్మ' చూడండి. రంగులు లేవని పిల్లలు మొదట గొణిగినా, పావుగంటకల్లా ఆ సంగతే మరచిపోతారు.