సర్ రోనాల్డ్ రాస్

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలలో ప్రత్తి, మిరప పైరులే రైతునకు ప్రాణాధారములు. మిరపచేనిలో ఆకులు ముడుత పడినపుడు అనుభవశాలి యగు రైతు తొందరపడి మందు చల్లడు. ఆకును త్రిప్పి భూతద్దముతో పరీక్షించును. తామరపురుగులు పట్టిన ఆకు పైకి ముడుచుకొనును. నల్లి పట్టిన ఆకు క్రిందికి ముడుచుకొనును. శత్రువు ఎవరో తెలియక చేసిన యుద్ధమున ధనమును శ్రమయు వ్యర్థమగును. మానవజాతిని వేల సంవత్సరములుగా పీడించిన చలిజ్వరము విషయమున ఆ శత్రువు జాడను కనుగొనిన వైద్యుని చరిత్ర యిది. ఆ మహత్కార్యము జరిగినది మన తెలుగునేలపైననే.

రోనాల్డ్ రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి ఆల్మోరాలో జన్మించెను. అతని తండ్రి భారత సైన్యమున అధికారి. ఎనిమిదవ యేట బాలుని చదువునకై ఇంగ్లండు పంపిరి. రాస్‌కు కవిత్వము, సంగీతము, చిత్రలేఖనము ప్రియమైనవి. వైద్యమునందు ఆసక్తి లేదు. అయినను తండ్రి కోరికను కాదనలేక లండనులో వైద్యవిద్య నభ్యసించి, 1881లో భారత వైద్యశాఖలో ఉద్యోగిగా మద్రాసు రాజధానికి వచ్చెను.

ఆ కాలమున మలేరియా చెడుగాలివలన కలుగునని జనులు నమ్ముచుండిరి. ఆ పేరునకే ఇటలీ భాషలో చెడుగాలి అని అర్థము. 1880లో లావెరన్ అను ఫ్రెంచి వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తమునందు సూక్ష్మజీవులను చూచెను. కాని అవి రక్తములోనికి ఎట్లు ప్రవేశించుచున్నవో ఎవరికిని తెలియదు. 1894లో రాస్ లండనుకు వెళ్ళినపుడు పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఆ జీవులను సూక్ష్మదర్శినిలో అతనికి చూపెను. బోదకాలు క్రిములు దోమ శరీరమున పెరుగునని మాన్సన్ అంతకు పూర్వమే కనుగొనియుండెను. మలేరియాకు సైతము దోమతో సంబంధముండవచ్చునని ఆయన ఊహించెను. ఆ ఊహను పరీక్షించుటయే రాస్ జీవితలక్ష్యమయ్యెను.

1895లో రాస్ సికిందరాబాదు చేరి, బేగంపేటలోని సైనిక వైద్యశాలలో పరిశోధన ప్రారంభించెను. దోమలచే రోగులను కుట్టించి, పిదప ఆ దోమలను కోసి, అంగాంగమును కటకముల క్రింద వెదకుటయే ఆ పని. దోమ ఉదరము మిక్కిలి చిన్నది. దానిని సూదిమొనలతో విడదీయవలెను. శక్తి హెచ్చు గల కటకము చూపునది బహు స్వల్పభాగము. కావున ఒక్క దోమను పూర్తిగా పరీక్షించుటకు గంటలకొలది కాలము పట్టుచుండెను. ఆ దుర్భరమైన ఎండలలో పంకా విసరించుకొనుటకైనను వీలులేదు. గాలి తగిలిన దోమ ముక్కలు ఎగిరిపోవును. నుదుటినుండియు చేతులనుండియు కారిన చెమటచే సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. మిగిలిన ఒకే ఒక నేత్రకటకము పగిలెను. అయినను రాస్ పని మానలేదు.

రెండేండ్ల శ్రమ నిష్ఫలమయ్యెను. అతడు కోసిన దోమలన్నియు మలేరియాను మోయని జాతులవి. ఇంతలో తానే మలేరియా పాలయ్యెను. తుదకు 1897 ఆగస్టులో చుక్కల రెక్కలు గల వేరొక జాతి దోమలు లభించెను. హుసేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమ ఒక్కింటికి ఒక అణా చొప్పున ప్రతిఫలము గైకొని, వానిచే కుట్టించుకొనెను. ఆగస్టు 20వ తేదీ నాటికి కొలది దోమలే మిగిలియుండెను. కన్నులు అలసినను రాస్ మరియొక దోమను కోసి, దాని ఉదరకుడ్యమును చూచెను. అచట గుండ్రని కణములు, వానిలో నల్లని రేణువులు కనబడెను. అట్టి నల్లని రేణువులే మలేరియా రోగుల రక్తమునందలి జీవులలో నుండును. మరునాడు కోసిన దోమలో ఆ కణములు మరింత పెరిగియుండెను. జీవము లేనిది పెరుగదు. కనుక అవి దోమలో వృద్ధి పొందుచున్న మలేరియా జీవులే యని రాస్ గ్రహించెను.

తరువాత అతనిని రాజపుత్రస్థానమునకు బదిలీ చేసిరి. కొన్ని నెలలపాటు పరిశోధన ఆగిపోయెను. 1898లో కలకత్తా చేరి, పక్షులకు వచ్చు మలేరియాపై పనిచేసి, ఆ జీవులు దోమ ఉదరమునుండి లాలాజల గ్రంథులకు చేరి, కాటుతో ఇతర పక్షులలో ప్రవేశించునని నిరూపించెను. అదే సంవత్సరమున ఇటలీ శాస్త్రజ్ఞులు మనుష్యుల మలేరియా విషయమునను ఇట్లే జరుగునని చూపిరి. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. పిదప అతడు అనేక దేశములలో నిలువ నీటిని తొలగించి దోమలను నిర్మూలించు పద్ధతులను ప్రచారము చేసి, 1932 సెప్టెంబరు 16వ తేదీన లండనులో పరమపదించెను.

కటకము నుపయోగించు ప్రతివాడును రాస్ చరిత్రనుండి నేర్వదగినది కలదు. మన కాలమున పురుగులను దగ్గరగా చిత్రించు కెమేరా కటకములు లభించుచున్నవి. వస్తువును మిక్కిలి పెద్దదిగా చూపునదే శ్రేష్ఠమని తలపరాదు. శక్తి పెరిగినకొలది వెలుగు తగ్గును, స్పష్టముగా కనబడు భాగము సన్నగిల్లును. కొంత దూరమునుండియే దగ్గరి చిత్రము తీయగల కటకమైనచో పురుగు బెదరదు, దానిపై మన నీడయు పడదు. అద్దముపైని ధూళిని ముందుగా మెత్తని కుంచెతో దులిపి, పిమ్మట మాత్రమే మృదువైన గుడ్డతో తుడువవలెను. లేనిచో ఇసుకరేణువులు గీతలు పెట్టును. వానకాలపు తేమకు అద్దముపై బూజు పట్టును గాన దానిని తేమ చొరని పెట్టెలో భద్రపరుపవలెను.

అయితే ఎంత మంచి కటకమైనను తానై దేనిని కనుగొనజాలదు. పగిలిన కటకముతో రాస్ చూచినదానిని, అంతకన్న మేలైన కటకములు గలవారు చూడలేకపోయిరి. ఓర్పుతో చూచు కన్నే మొదటి కటకము. బేగంపేటలోని ఆ భవనము నేటికిని అతని స్మృతిచిహ్నమై నిలిచియున్నది. ఏటేటా ఆగస్టు 20వ తేదీని లోకము దోమల దినముగా పాటించుచున్నది.