‘క్లోజర్’: తోటివాళ్లు కూడా ఆలకించని గొంతు

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌కు దగ్గర్లో మాకిల్స్‌ఫీల్డ్ అనే ఊరుంది. ఒకప్పుడు పట్టు మిల్లులతో బతికిన ఊరు. 1970ల చివర్లో అక్కడి ఉపాధి కార్యాలయంలో ఇయాన్ కర్టిస్ అనే యువకుడు వికలాంగులకు ఉద్యోగాలు వెతికిపెట్టేవాడు. పగలు ఆఫీసు, రాత్రి పాటలు.

కర్టిస్ 1956 జులై 15న పుట్టాడు. 19 ఏళ్లకే పెళ్లయింది. 1976లో సెక్స్ పిస్టల్స్ బృందం మాంచెస్టర్‌లో ఇచ్చిన కచేరీలు అక్కడి కుర్రకారును ఊపేశాయి. ఆ ఊపులోనే బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ సొంత బ్యాండ్ పెట్టుకున్నారు. కర్టిస్ గాయకుడిగా చేరాడు, ఆ తర్వాత స్టీఫెన్ మోరిస్ డ్రమ్స్ అందుకున్నాడు. మొదట వార్సా అనుకున్న పేరు 1978లో జాయ్ డివిజన్‌గా మారింది.

ఆ ఏడాది డిసెంబరులో లండన్‌లో కచేరీ ముగించుకుని తిరిగొస్తుండగా కారులోనే కర్టిస్‌కు ఫిట్స్ వచ్చాయి. కొన్ని వారాలకు డాక్టర్లు మూర్ఛ వ్యాధి అని తేల్చారు. అప్పటి మందులు మూర్ఛను పూర్తిగా అదుపు చేయలేదు సరికదా, మనిషిని మగతలోకి, దిగులులోకి నెట్టేవి. అతనికి కావాల్సింది వేళకు నిద్ర, విశ్రాంతి. బ్యాండ్ జీవితంలో దొరకనివి సరిగ్గా అవే. వేదిక మీద చేతులు విదిలిస్తూ అతను చేసే నృత్యానికీ నిజంగా వచ్చే ఫిట్స్‌కూ తేడా ప్రేక్షకులకు తెలిసేది కాదు.

1979 ఏప్రిల్‌లో కూతురు పుట్టింది. జూన్‌లో మొదటి ఆల్బమ్ ‘అన్‌నోన్ ప్లెజర్స్’ వచ్చింది. పేరు పెరిగింది, ఇంట్లో దూరమూ పెరిగింది. బెల్జియం యువతి ఒకరితో ఏర్పడిన అనుబంధం అతన్ని రెండు వైపులా లాగింది.

1980 మార్చిలో లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోలో, నిర్మాత మార్టిన్ హానెట్ చేతుల మీదుగా రెండో ఆల్బమ్ ‘క్లోజర్’ రికార్డింగ్ జరిగింది. మొత్తం తొమ్మిది పాటలు. మొదటి పాటలో సమ్నర్, హుక్ వాయిద్యాలు మార్చుకున్నారు, గిటార్ గీసినట్టు, కోసినట్టు మోగుతుంది. అక్కడి నుంచి ఆల్బమ్ క్రమంగా నెమ్మదిస్తుంది. చివరి రెండు పాటలు పియానో, సింథసైజర్లతో శవయాత్రలా సాగుతాయి. పంక్ నేర్పిన మూడు నిమిషాల కోపాన్ని దాటి రాక్ ఎంత దూరం వెళ్లగలదో పాతికేళ్లు నిండని కుర్రాళ్లు అందులో చూపించారు.

ఏప్రిల్ మొదట్లో కర్టిస్ ఆత్మహత్యకు ప్రయత్నించాడు. ఆ వెంటనే బరీ పట్టణంలో కచేరీ ఉంటే, రద్దు చేయకుండా అతన్ని అక్కడికి తీసుకొచ్చారు. ఒకటి రెండు పాటలు మాత్రమే పాడగలిగాడు. మిగతా పాటలకు వేరే గాయకులు రావడంతో జనం సీసాలు విసిరారు. మే 18న, అమెరికా పర్యటనకు బయల్దేరాల్సిన ముందు రోజు, కర్టిస్ ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు. అప్పటికి వయసు 23.

జులై 18న ‘క్లోజర్’ విడుదలై బ్రిటన్‌లో ఆరో స్థానానికి చేరింది. అట్ట మీద ఇటలీలోని ఓ సమాధి ఫొటో. అది కర్టిస్ చావుకు ముందే ఎంచుకున్నదని చాలామందికి తెలియదు. అప్పటి నుంచి ఆ ఆల్బమ్‌ను మరణ వాంగ్మూలంలా వినడం అలవాటైపోయింది. అందులో ఒక అన్యాయం ఉంది. అది ముందు నలుగురి శ్రమ, తెలిసి చేసిన కళ.

ఆ అలవాటు ఇంకో నిజాన్నీ మరుగుపరుస్తోంది. పాటలు రాస్తున్నప్పుడు ఆ మాటలను తాము పట్టించుకోలేదని, అవి కల్పనే అనుకున్నామని బ్యాండ్ సభ్యులు తర్వాత ఒప్పుకున్నారు. కర్టిస్ కూడా బాగానే ఉన్నానని చెప్పి పనిలో పడేవాడు. కచేరీల తేదీలు ముందుకొస్తూనే ఉన్నాయి. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ పేరుతో సంగీతం కొనసాగించారు. జబ్బు, దిగులు, అలసట అందరి కళ్ల ముందే ఉన్నాయి. వాటిని కళలో భాగమనుకోవడమే జరిగిన పొరపాటు.