కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

నాటి కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున 1877లో జన్మించి, నాగపురమున విద్య నభ్యసించి, మునగాల సంస్థానమున దివానుపదవిని నిర్వహించిన లక్ష్మణరావు పంతులుగారి జీవితమును పరీక్షార్థులగు యువకులు తెలిసికొనవలె నని మేము కోరుచున్నాము.

ఆ కాలమున సివిలుసర్వీసు పరీక్ష లండనునందే జరుగుచుండెను. 1922 వఱకు మనదేశమున దానికి కేంద్రమే లేదు. రాజ్యతంత్రజ్ఞానము ఆంగ్లవిద్యావంతుల సొత్తై యుండెను. పంతులుగారు 1906లో మిత్రులతోఁ గూడి విజ్ఞానచంద్రికామండలిని హైదరాబాదున స్థాపించి, ఆ జ్ఞానమును తెలుఁగువాకిటికిఁ దెచ్చిరి. మండలి ప్రథమగ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. ఆ రచయితయే 1908లో బెజవాడ స్వరాజ్యపత్రికలోని వ్రాఁతకై కారాగారమున కేఁగిరి. పిదప ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకుఁ బూనుకొని, అది ముగియకమునుపే 1923లో పంతులుగారు దివంగతులైరి.

1979 నుండి సివిలుసర్వీసు ప్రధానపరీక్షను తెలుఁగున వ్రాయవచ్చును. అనుమతి యొక్కటియే చాలదు, గ్రంథములు వలయును. బెజవాడలో రాజనీతిశాస్త్రమును జదువు రైతుబిడ్డకు వానిని మన పండితులు సమకూర్పనిచోఁ బంతులుగారి ఋణము తీఱదు.