పదకొండు చిత్రాల పెద్దాయన బి.ఎన్.రెడ్డి

తుమ్మలపల్లె: యురేనియం గనితో తుమ్మలపల్లె పేరు దేశానికి తెలిసింది. అంతకు ఎన్నో దశాబ్దాల ముందే ఈ పులివెందుల ప్రాంతం తెలుగు సినిమాకు ఒక మహాదర్శకుణ్ని అందించింది. ఆయనే బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, లోకానికి బి.ఎన్.రెడ్డి. 1908 నవంబరు 16న నాటి పులివెందుల తాలూకా కొత్తపల్లెలో జన్మించిన ఆయన, దక్షిణాదికి తొలి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారాన్ని తెచ్చిపెట్టారు. ముప్ఫై ఏళ్లలో ఆయన దర్శకత్వం వహించినవి పదకొండు చిత్రాలే. ఆయన కీర్తికి ఆ నిదానమే కారణం, ఆయన నష్టాలకూ అదే కారణం.

వానను నమ్ముకుని బతికే ఈ సీమలో ఆ కుటుంబం ఉల్లి ఎగుమతి వ్యాపారంతో నిలదొక్కుకుంది. వ్యాపారం వారిని మద్రాసుకు చేర్చింది. అక్కడ బి.ఎన్.కె. ప్రెస్ పేరుతో ముద్రణాలయం నడుపుతుండగానే నరసింహారెడ్డి మనసు సినిమా వైపు మళ్లింది. హెచ్.ఎం.రెడ్డితో కలిసి రోహిణి సంస్థ ద్వారా 1938లో ‘గృహలక్ష్మి’ నిర్మాణంలో పాలుపంచుకున్నారు. ఆ వెంటనే అనంతపురం జిల్లాకు చెందిన మూలా నారాయణస్వామి అండతో వాహిని సంస్థను స్థాపించారు. తాడిపత్రికి చెందిన కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు కె.రామ్‌నాథ్, కళాదర్శకుడు ఎ.కె.శేఖర్ ఆయన వెంట నిలిచారు.

తెలుగు తెరపై పౌరాణికాలదే రాజ్యమైన రోజులవి. కిరీటాలు, గదలు లేని సినిమాకు జనం వస్తారా అన్న సందేహం సహజం. బి.ఎన్. 1939లో ‘వందేమాతరం’తో అందుకు సమాధానమిచ్చారు. చదువుకున్న నిరుద్యోగి కథకు చిత్తూరు నాగయ్య కథానాయకుడు. సంగీతమూ ఆయనదే. చిత్రం విజయవంతమైంది. మరుసటి ఏడాది ‘సుమంగళి’లో కందుకూరి వీరేశలింగం ఆశయమైన వితంతు వివాహాన్ని ఇతివృత్తంగా తీసుకున్నారు. 1941లో వచ్చిన ‘దేవత’ యజమాని చేతిలో మోసపోయిన పనిపిల్ల కథ. సమాజం గుట్టుగా దాచుకునే విషయాలను ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేలా చెప్పడం ఆయన సాధించిన విద్య.

1945 నాటి ‘స్వర్గసీమ’ భానుమతిని అగ్రతారగా నిలిపింది. ఘంటసాల గళం తెరపై తొలినాళ్లలో వినిపించింది కూడా ఈ చిత్రంలోనే.

తర్వాత ఆయన చిత్రం కోసం తెలుగువారు ఆరేళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. 1951 డిసెంబరులో ‘మల్లీశ్వరి’ విడుదలైంది. వాన కురిసే రాత్రి సత్రంలో మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలతో నాగరాజు పరిహాసంగా ఒక మాట అంటాడు. మల్లికి రాణివాసపు పల్లకీ పంపమంటాడు. ఆ పల్లకీ నిజంగానే వస్తుంది. రాయలవారి వైభవాన్ని చూపే అవకాశమున్నా దర్శకుడి చూపు పల్లెలోని బావామరదళ్ల మీదే నిలిచింది. రాజు దయగలవాడే, అయినా ఆయన ఆదరణే ఆ జంటకు శాపమైంది. రాయలసీమలో పుట్టిన దర్శకుడు రాయల కాలాన్ని ఇంత నిశితంగా చూడటం విశేషం. బుచ్చిబాబు నాటిక ఈ కథకు ఒక ఆధారం. దేవులపల్లి కృష్ణశాస్త్రి తొలిసారి సినిమాకు కలం పట్టారు. సాలూరి రాజేశ్వరరావు బాణీలు ఈనాటికీ వాడలేదు. ఆది ఇరానీతో పాటు ఛాయాగ్రహణం చేసింది బి.ఎన్. సోదరుడు కొండారెడ్డి. చిత్రం చైనాలోనూ ప్రదర్శితమైంది.

అదే ఏడాది తమ్ముడు నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ‘పాతాళభైరవి’ జనాన్ని ఉర్రూతలూగించింది. దాని దర్శకుడు వాహినిలోనే ఎదిగిన కె.వి.రెడ్డి. రెండింటిలోనూ ఎన్.టి.రామారావే నాయకుడు. వసూళ్లలో మాత్రం ‘మల్లీశ్వరి’ దానికి సాటి రాలేదు. వడపళనిలో వెలసిన వాహిని స్టూడియో నిర్వహణ కూడా కాలక్రమంలో నాగిరెడ్డి చేతికి వెళ్లి, విజయ-వాహినిగా ఆసియాలోని పెద్ద స్టూడియోలలో ఒకటిగా పేరొందింది. అన్న కళను, తమ్ముడు వ్యాపార దక్షతను పంచుకున్నారనడం తేలికే గానీ, నాగిరెడ్డి అభిరుచిని అది తక్కువ చేస్తుంది. బి.ఎన్. మాత్రం కథ కుదిరేదాకా కెమెరా ముట్టలేదు.

జార్జ్ ఇలియట్ నవల ‘సైలస్ మార్నర్’ను పాలగుమ్మి పద్మరాజు రచనా సహకారంతో ‘బంగారుపాప’గా మలిచి తెలుగు నేలలో నాటారు. కరకు మనిషి గుండెను ఒక పసిపాప కరిగించే ఆ కథలో ఎస్.వి.రంగారావు నటన చిరస్మరణీయం. ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి జాతీయ పురస్కారం దక్కింది. ‘భాగ్యరేఖ’, ‘రాజమకుటం’, ‘పూజాఫలం’ తర్వాత 1966లో వచ్చిన ‘రంగులరాట్నం’ మరోసారి ఆ గౌరవం తెచ్చింది. పట్నం చేరిన కుటుంబాన్ని ఎన్నికల రాజకీయం ఎలా చీలుస్తుందో చెప్పిన ఆ చిత్రంతోనే చంద్రమోహన్ తెరకు పరిచయమయ్యారు. 1969 నాటి ‘బంగారు పంజరం’ ఆయన చివరి చిత్రం.

1974లో కేంద్ర ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. అదే సంవత్సరపు ఫాల్కే పురస్కారమూ ఆయననే వరించింది. అప్పటికి మెగాఫోన్ పక్కన పెట్టి అయిదేళ్లయింది. 1977 నవంబరు 8న, 69వ పుట్టినరోజుకు ఎనిమిది రోజుల ముందు, బి.ఎన్.రెడ్డి కన్నుమూశారు. 1986 సంవత్సరానికి ఫాల్కే పురస్కారం మళ్లీ ఆ ఇంటికే వచ్చింది. ఈసారి అందుకున్నది తమ్ముడు నాగిరెడ్డి.